గదిలో ఎవరూ లేరు

రెండువేల డెబ్బై తొమ్మిది నాటికి కాకినాడలో పరామర్శ అనే ఆచారం దాదాపు అంతరించిపోయింది. మంచాన పడినవాళ్ళు లేక కాదు, పలకరించేవాళ్ళకు ధైర్యం లేక. బత్తాయిల సంచి పట్టుకుని వచ్చిన బంధువు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, రోగి ముఖం కంటే ముందు మంచం పైన గోడకున్న దీపం వంక చూసేవాడు. అది పచ్చగా ఉంటే హమ్మయ్య అనుకుని లోపలికొచ్చి కూర్చునేవాడు. పసుపురంగుకు తిరిగితే అర్జెంటు పని ఏదో గుర్తొచ్చేది. ఎర్రబడిందంటే ఇక చెప్పక్కర్లేదు, మనిషి మెట్ల మీద ఉండేవాడు, బత్తాయిలు గుమ్మంలో ఉండేవి. వీడియోలో పలకరిస్తే ఈ గొడవ లేదు కాబట్టి జనం నెమ్మదిగా దానికే అలవాటు పడ్డారు.

దీపం అని జనం పిలుస్తారు గాని దాని అసలు పేరు హానిసూచి. అరచేయంత పలక. ఇంట్లో ఉండి వైద్యం చేయించుకునే ప్రతి రోగి మంచం పైనా దాన్ని బిగించాలని చట్టం.

అది పనిచేసే తీరు తేలికగానే అర్థమవుతుంది. రోగి ఛాతీకి అతికించిన అంటుపట్టీ గుండె కొట్టుకోవడాన్నీ, ఊపిరినీ, ఒంట్లో చేరే నీటినీ ఎప్పటికప్పుడు కొలుస్తుంది. పలకలోని సెన్సర్లు గదిలోకి వచ్చిన మనుషులను అడుగుల చప్పుడును బట్టి, శ్వాసను బట్టి గుర్తుపడతాయి. ఈ రెండింటినీ కలిపి చూసే అల్గోరిథమ్ ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంటుంది: ఎవరు వచ్చి వెళ్ళిన తరువాత ఈ ఒళ్ళు దిగజారుతోంది? వారాల తరబడి ఒకే మనిషి రాక తరువాత అదే జరుగుతుంటే, ఆ మనిషి మళ్ళీ గదిలో అడుగు పెట్టగానే దీపం ఎర్రబడుతుంది, ఉన్నంతసేపూ ఎర్రగానే ఉంటుంది. ఆ మనిషి విషం పెడుతున్నాడా, సూటిపోటి మాటలంటున్నాడా, షుగరున్న తండ్రికి ప్రేమ కొద్దీ పూతరేకులు తినిపిస్తున్నాడా అన్నది దానికి తెలియదు. ఎందుకు అన్న ప్రశ్నే దానికి నేర్పలేదు.

వచ్చిన కొత్తలో హానిసూచి పేరు కూడా పైకి చెప్పేది. "చిన్నకోడలు" అని ఒక ఇంట్లో, "పెద్దన్నయ్య" అని ఇంకో ఇంట్లో. ఆ ఏడాది తలకాయలు పగిలాయి, కాపురాలు కూలాయి, కోర్టులు నిండిపోయాయి. దాంతో చట్టం మార్చారు. యంత్రం పేరు చెప్పకూడదు. ఏ రంగు ఎప్పుడు వెలిగిందో దాచిపెట్టకూడదు. ఎర్రగా ఉన్నప్పుడు గదిలో ఉన్నవాళ్ళలో కారకుడెవరో తేల్చి పేరు పెట్టే అధికారం రిజిస్టర్డ్ నర్సుది. యంత్రానికి కన్ను ఉంది గాని బుద్ధి లేదు, ఇంటివాళ్ళకు బుద్ధి ఉంది గాని అది తిన్నగా ఉండదు, నర్సుకు రెండూ ఉన్నాయి, పైగా ఆ ఇంట్లో ఆమెకు పోయేదీ లేదు, వచ్చేదీ లేదు అని వాదించి ఈ అధికారం ఆమె చేతిలో పెట్టారు. ఆమె పేరు పెట్టిన మనిషి మూడు నెలలపాటు ఆ ఇంటి గడప తొక్కకూడదు. దానికి ఎడబాటు ఉత్తర్వు అని పేరు.

గృహవైద్య సేవలో ఎస్తేరుకు మంచి పేరుంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, సగం వయసు ఇళ్ళిళ్ళూ తిరగడంలోనే గడిచింది. పుండు కడిగే చెయ్యి మెత్తన, మనుషులను చూసే చూపు కరుకు. జబ్బు మనిషికి జబ్బు కంటే ఇంట్లోవాళ్ళతోనే ముప్పు ఎక్కువ అని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఊరికే రాలేదు, ఆమె చూసినవి చూసింది. తండ్రి మందులు పారబోసి తీపి మాటలు చెప్పిన కొడుకుల్ని చూసింది, అత్తగారికి మంచినీళ్ళు కూడా కొలిచి పోసిన కోడళ్ళను చూసింది. ఇల్లు మురికిగా ఉంటే అశ్రద్ధ అని రాసుకునేది. మరీ శుభ్రంగా ఉంటే, ఏదో దాస్తున్నారని రాసుకునేది.

పోర్టు క్వార్టర్సు నాలుగో అంతస్తులో ఉన్న ఆ ఇల్లు మరీ శుభ్రంగా ఉండేది.

ఇల్లంటే ఒకటే గది. ఒక మూల వంట, ఒక పక్క మంచం, బట్టలారేసుకోడానికి చిన్న బాల్కనీ. మంచం మీద కొపనాతి ధనరాజు, డెబ్బై ఆరేళ్ళవాడు, ఒకప్పుడు పోర్టులో టగ్ బోటు నడిపేవాడు. గుండె బలహీనపడి, ఒంట్లోకి నీరు చేరే జబ్బు. ఉప్పు తగలకూడదు, నీళ్ళు కొలిచి తాగాలి. ఆయనకు సేవ చేసేది నూకరత్నం. ఆయన రెండో భార్య. భార్య పోయిన చాలా ఏళ్ళకు, అరవై దాటాక, పోర్టు గేటు దగ్గర చేపలకూర భోజనం పెట్టే ఆమెను చేసుకున్నాడు. ఆమె ఆయనకంటే పాతికేళ్ళు చిన్న. ఈ ఒక్క ముక్క చాలు, క్వార్టర్సులోనివాళ్ళు ఏమనుకునేవాళ్ళో చెప్పక్కర్లేదు. ఎస్తేరు కూడా మొదటి రోజే అనుకుంది.

ఆ ఉదయం ఎస్తేరు గుమ్మంలో అడుగు పెట్టేసరికి దీపం పచ్చగా ఉందో లేదో ఆమె చూడలేదు. బ్యాగు దించి తలెత్తేసరికి మాత్రం ఎర్రగా ఉంది. రెండు వారాలుగా ఇదే వరస.

"కాళ్ళు చూపించండి ధనరాజు గారూ."

చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, పూడలేదు. బరువు చూస్తే పెరిగాడు. తిండి తగ్గింది గాని బరువు పెరిగాడంటే అదంతా నీరే. నీరు నిలవడమంటే ఎక్కడినుంచో ఉప్పు వస్తోంది.

"కూరలో ఉప్పు వేస్తున్నారా?" అని అడిగింది నూకరత్నాన్ని.

"అయ్యబాబోయ్, లేదండి. ఆయన చప్పిడి తింటంటే నేను కారాలూ ఉప్పులూ తినలేక నేనూ అదే తింటన్నానండి. కావాలంటే రుచి చూడండి."

"ఊరగాయలేమైనా?"

"ఇంట్లో జాడీయే లేదండి. పక్కింటోళ్ళకిచ్చేశాను."

జాడీ లేకపోవడం ఎస్తేరుకు నచ్చలేదు. ఏ ఇంట్లోనైనా ఒక జాడీ ఉంటుంది. లేదంటే దాన్ని కావాలనే తీసేశారన్నమాట.

"మరి దీపం ఎందుకలా ఉంది?"

నూకరత్నం దీపం వంక చూసి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీరొచ్చినప్పుడే ఎర్రగా అవుద్దండి సిస్టర్ గారూ. మీరు లేనప్పుడు పచ్చగానే ఉంటది. ఆయన్నడగండి."

"ఆయన్ని అడిగితే మీరు చెప్పమన్నదే చెప్తారు" అంది ఎస్తేరు నవ్వుతూ. ఆ నవ్వులో నవ్వేమీ లేదు. ఎవరూ చూడనప్పుడు పచ్చగా ఉంటుందట! ఇరవై ఏళ్ళుగా ఇలాంటివి ఎన్ని వినలేదు.

నూకరత్నం తడిబట్టల బకెట్టు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. ధనరాజు మెల్లగా ఎస్తేరు చెయ్యి పట్టుకున్నాడు.

"సిస్టరూ, మోకాళ్ళు పీకేత్తన్నాయమ్మా. మొన్నిచ్చిన బిళ్ళలైపోయినియ్."

గోడకు బిగించిన మందుల అర, తనే లెక్క చూసి ఇచ్చే నొప్పి మాత్ర పెద్దది, ఆయన గొంతులో అడ్డం పడుతుంది. అందుకని ఎస్తేరు తన బ్యాగులో ఎప్పుడూ ఉండే, నీళ్ళలో వేస్తే బుస్సుమని పొంగి కరిగిపోయే బిళ్ళలు ఇస్తూ వస్తోంది. కొట్లో ఎవరైనా కొనుక్కోగలిగేవే. అవి మందుల అరలో పెడితే అర వాటిని లెక్క చూస్తుంది, మోతాదు సరిచూస్తుంది. కాని అర తాళం నూకరత్నం వేలిముద్రతో కూడా తెరుచుకుంటుంది. ఆమె చేతికి ఇంకో మందు అందించడం ఎస్తేరుకు ఇష్టం లేదు. బిళ్ళల పట్టీలు రెండు తీసి ఆయన దిండు కిందకి తోసింది.

"నొప్పి వచ్చినప్పుడల్లా ఒకటి వేసుకోండి. ఆవిడకి చెప్పకండి."

"అలాగేనమ్మా" అన్నాడు ధనరాజు. నొప్పి తగ్గించే మనిషి మాట ఎవరు కాదంటారు?

తరువాత వచ్చినప్పుడు దీపం మీద తువ్వాలు కప్పి ఉంది.

ఎస్తేరు దాన్ని లాగిపారేసింది. కింద ఎర్రగా వెలుగుతోంది. "ఇదేం పని?"

"మీరొచ్చే టైముకి అదెర్రగా అయితే ఆయన బెదిరిపోతన్నారండి. గుండె దడదడలాడిపోతంది. అందుకనీ..."

"దీపం కప్పడం నేరమని మీకు తెలుసా?"

నూకరత్నం తలవంచుకుంది. ధనరాజు ఏదో అనబోయి దగ్గాడు. ఆమె వెళ్ళి ఆయన చెవి దగ్గర ఏదో గొణిగి వీపు రాసింది. ఏం చెప్పిందో ఎస్తేరుకు వినబడలేదు. వినబడనిదేదీ ఎస్తేరు దృష్టిలో మంచి మాట కాదు. కొళాయి నీళ్ళు పట్టుకు రమ్మని నూకరత్నాన్ని కిందికి పంపించి, దీపాన్ని పరీక్షగా చూసింది. ఎరుపు తగ్గలేదు. రంగు మారడానికి కొంతసేపు పట్టవచ్చని శిక్షణలో ఎవరో అన్నట్టు గుర్తు. నిజానికి అలా ఎవరూ అనలేదు, కాని ఆ మాట అప్పుడు ఆమెకు అవసరపడింది. నూకరత్నం బిందెతో ఆయాసపడుతూ తిరిగి వచ్చేసరికి ఎస్తేరు పేరు పెట్టేసింది. చేతిలోని ట్యాబ్ మీద వేలు ఆనించడమే, అంతకంటే ఏమీ లేదు.

ఉత్తర్వు వినగానే నూకరత్నం బిందె దించడం కూడా మర్చిపోయింది.

"నేనేం చేశానండి? చెప్పండి, మానేత్తాను. ఏం చేశానో చెప్తే మానేత్తాను కదా!"

"అది మీకే తెలియాలి."

"ఆయనకి రాత్రిళ్ళు ఊపిరాడకపోతే కూకోబెట్టాలండి. దిండ్లు మూడు పెట్టాలి. ఎడంపక్కకి తిప్పితే పడదు..."

"సేవాయంత్రం వస్తుంది, అది చూసుకుంటుంది."

ఆమెను కింద అంతస్తులో ఎవరో తమ వరండాలో ఉండనిచ్చారని తరువాత తెలిసింది. ఎస్తేరు వచ్చినప్పుడల్లా కింద కటకటాల వెనక నుంచి పైకి చూస్తూ ఉండేది. ఎస్తేరు ఆ చూపును పట్టించుకోలేదు. ధనరాజు మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సేవాయంత్రం వచ్చింది. మోకాలెత్తు బండి, రెండు చేతులు, మర్యాదగా మాట్లాడే గొంతు. చప్పిడి గంజి తాగించేది, పక్క మార్చేది, నీళ్ళడిగితే కొలిచి ఇచ్చేది. మనిషి కాదు కాబట్టి హానిసూచి దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఇంట్లో చూసుకునే మనిషి లేడు కాబట్టి ఎస్తేరు ఇప్పుడు రోజూ వస్తోంది. ఆయనకు భార్య మీద బెంగ, మోకాళ్ళలో నొప్పి. బెంగకు ఆమె దగ్గర మందు లేదు. నొప్పికి ఉంది కాబట్టి రోజూ ఇచ్చింది.

వారం తిరిగేసరికి కాళ్ళ వాపు తొడల దాకా పాకింది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. దీపం ఎర్రగా ఉంది.

ఎస్తేరు నమ్మలేకపోయింది. బాల్కనీ తలుపు చూసింది, గడియ వేసే ఉంది. పక్కింటివాళ్ళ చేత నూకరత్నం ఏదైనా పంపిస్తోందేమో అని సేవాయంత్రాన్ని ప్రశ్నించింది. "ఎవరూ రాలేదండి" అంది అది. వంటపాత్రలు వాసన చూసింది. గంజి నాలుక మీద వేసుకుంది. ఎక్కడైనా ఏదైనా దాచి వెళ్ళిందేమో అని పరుపు కింద వెతికింది. చివరికి ఆమె అనుమానం హానిసూచి మీదికే తిరిగింది. పలక పాడైపోయి ఉంటుంది. తయారుచేసిన సంస్థకు ఫోను చేసి గట్టిగానే ఫిర్యాదు చేసింది: "గదిలో ఎవరూ లేకపోయినా ఎర్రగానే వెలుగుతోంది."

మర్నాడు వాళ్ళు మెకానిక్కును కాకుండా డాక్టర్ షాహీన్‌ను పంపించారు. హానిసూచి అల్గోరిథమ్ రాసిన బృందంలో ఆమె ఒకరు. సన్నగా, నిద్ర చాలని కళ్ళతో, చేతిలో చిన్న పెట్టెతో వచ్చింది. ఎస్తేరు ఇంకా దారిలో ఉండగానే ఆమె పైకి ఎక్కి వెళ్ళింది.

ఎస్తేరు గదిలోకి వచ్చేసరికి షాహీన్ దీపం కింద కుర్చీలో కూర్చుని ఉంది.

"పాడయిందా?" అంది ఎస్తేరు.

"ఒక్క నిమిషం సిస్టర్. మీ ఫిర్యాదు మళ్ళీ ఒకసారి చెప్తారా?"

"గదిలో ఎవరూ లేకపోయినా ఎర్రగా ఉంటోంది."

"ఎవరూ లేనప్పుడు ఎర్రగా ఉన్నట్టు ఎవరు చూశారు?"

"నేనే చూశాను. రోజూ చూస్తున్నాను."

షాహీన్ తలెత్తి దీపం వంక చూసింది. ఎస్తేరు కూడా చూసింది. తను అన్న మాట తనకే వినబడటానికి ఆ మాత్రం సమయం పట్టింది.

"మీరు వచ్చేముందు పావుగంట నుంచీ ఇక్కడే కూర్చున్నాను" అంది షాహీన్ నెమ్మదిగా. "పచ్చగా ఉంది. మీ అడుగు గడప లోపల పడగానే మారింది."

"నేను నర్సుని."

"దానికి ఆ విషయం తెలియదు. దానికి మనుషులే తెలుసు."

"నేనాయన్ని బతికించడానికి వస్తున్నానండీ!" ఎస్తేరు గొంతు పెద్దదైంది. "ఉప్పు ముట్టనివ్వలేదు, నీళ్ళు కొలిచి ఇప్పిస్తున్నాను. ఆయనకి హాని చేసే పని నేనొక్కటైనా చేశానా?"

సరిగ్గా అప్పుడు మంచం దగ్గర నుంచి బుస్సుమని చప్పుడు వచ్చింది. ధనరాజు గ్లాసులో బిళ్ళ వేసుకున్నాడు. అది నురగలు కక్కుతూ కరుగుతోంది. సేవాయంత్రం ఆ గ్లాసును మర్యాదగా ఆయన నోటికి అందించబోయింది.

ఎస్తేరు ఆ చప్పుడు విన్నది. ఒక్క అంగలో వెళ్ళి గ్లాసు లాక్కుంది. అలా బుస్సుమని పొంగడానికి ఆ బిళ్ళ నిండా సోడాయే ఉంటుంది. సోడా అంటే ఒంటికి ఉప్పే, రెండింట్లోనూ ఉన్నది సోడియమే. రోజుకు ఆరేడు వేసుకుంటే పచ్చడి జాడీ ముందేసుకుని తిన్నట్టే. నర్సింగు రెండో ఏడు చదివే పిల్లకైనా తెలిసిన సంగతి ఇది. ఆమెకూ తెలుసు. బ్యాగులో పడి ఉండే బిళ్ళను ఆమె ఏనాడూ మందుగా చూడలేదు, అంతే. మందుల అరలో పెట్టి ఉంటే మొదటి రోజే అర గోల చేసి ఉండేది. నూకరత్నానికి తెలియకూడదనే అరలో పెట్టలేదు.

దిండు కింద చెయ్యి పెడితే ఖాళీ పట్టీలు గుప్పెడు తగిలాయి. అన్నీ తనిచ్చినవే. వాటిని పక్క మీద పడేసింది. ఐనా వృత్తి వృత్తే. తెర మీద డాక్టరును పిలిచి, అనుమతి తీసుకుని, ఒంట్లో నీరు దించే ఇంజెక్షన్ చేసింది. వీపు వెనక మూడు దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. ఎడంపక్కకు తిప్పలేదు. సాయంత్రానికి ఆయన ఊపిరి తేలిక పడింది, నిద్రపట్టింది.

"బతుకుతారా?" అంది షాహీన్.

"బిళ్ళలు మళ్ళీ తాకకపోతే బతుకుతారు." ఎస్తేరు ముఖం కడుక్కుని వచ్చి కుర్చీలో కూలబడింది. "ఆవిణ్ణి వెనక్కి పిలవాలి."

"పిలవాలంటే ఉత్తర్వు రద్దు చెయ్యాలి. అది పేరు పెట్టిన నర్సే గదిలో ఉండి చెయ్యాలి. దీపం ఎర్రగా ఉండగా రద్దు కాదు, ఇంకో పేరు పెట్టాలి. మీరు గదిలో ఉంటే అది ఎర్రగానే ఉంటుంది. వారాలపాటు చూసి పట్టుకున్నది, వారాలు గడిస్తేగాని మిమ్మల్ని వదలదు."

ఇంకో పేరు అంటే ఎవరిదో ఇద్దరికీ తెలుసు. నర్సే తన మీద ఎడబాటు ఉత్తర్వు వేసుకుంటే రిజిస్ట్రేషన్ ఉండదు. ఆమెకు తెలిసిన పని ఇదొక్కటే.

"వేరే దారి ఒకటుంది" అంది షాహీన్. ఆమె ఆ మాట ఉత్సాహంగా ఏమీ అనలేదు. "మీ ఫిర్యాదు మాకు కొత్త కాదు సిస్టర్. రెండేళ్ళుగా అన్ని జిల్లాల నుంచీ ఇవే మాటలు. గదిలో ఎవరూ లేకపోయినా ఎర్రగా ఉంటోంది. నర్సులంటారు, డాక్టర్లంటారు, కన్నకూతుళ్ళంటారు. గదిలో నిలబడి, గదిలో ఎవరూ లేరంటారు. మొదట్లో నవ్వుకున్నాం. తరువాత భయం వేసింది. ఎదురుగా ఉన్న తమను తాము లెక్కపెట్టుకోని జాతికి ఏం యంత్రం చేసిపెట్టాలి?"

"ఏం చేశారు?"

"జనానికి కావలసిందే చేశాం. సంస్థకి ఫిర్యాదులు తగ్గాలి కదా." పెట్టె తెరిచి గోరంత చిప్ తీసింది. "వచ్చే నెల నుంచి అన్ని దీపాలకీ ఇదే. మీలాంటి వైద్య సిబ్బంది పెట్టుకునే ఈ నీలం బ్యాడ్జి ఒంటి మీదున్న మనిషిని హానిసూచి ఇక లెక్కపెట్టదు. ఇప్పుడే పెడితే మీరుండగానే పచ్చగా మారుతుంది. యంత్రంలో లోపం అని రాస్తాను. ఆవిడ రేపు ఇంటికొస్తుంది, మీ ఉద్యోగం మీకుంటుంది. ఇక ఆయనంటారా, కారణం దొరికింది కదా, జాగ్రత్తగా చూసుకుంటారు. పెట్టమంటారా?"

అన్యాయం ఏమీ కనబడలేదు. అందరికీ మంచే జరుగుతుంది. అలా అనుకుంటుంటేనే ఎస్తేరుకు తన మీద అసహ్యం వేసింది. ఐనా తలూపింది.

షాహీన్ స్టూలెక్కి చిప్ అమర్చింది. ఎరుపు పోయింది. ఎస్తేరు ఆ గదిలో పచ్చరంగు చూడటం ఇన్ని వారాల్లో అదే మొదటిసారి. అది ఇంట్లో అంతటా పరుచుకుంది, ఆమె చేతుల మీద కూడా పడింది.

మర్నాడు ఎస్తేరు వచ్చేసరికి నూకరత్నం వంట మూలలో ఉంది. నాలుగు రోజులు తినని మనిషిలా ఉంది. ఎస్తేరును చూడగానే పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"మిషన్ చెడిపోయిందని మీరే కనిపెట్టారంట కదండీ! మీ కడుపు చల్లగుండ. నేనైతే నిజంగా నేనే అనుకున్నానండి. కింద కూకుని ఇదే ఆలోచన. గంజి కుండ సరిగా కడగలేదేమో, నా చేతిలోనే ఏదో దోషముందేమో, నా జాతకం మంచిది కాదేమో... ఈయన బతకాలంటే నేను మళ్ళీ పైకెక్కకూడదేమో అని కూడా అనుకున్నానండి."

తనకు ఒక్కసారి కూడా రాని అనుమానం ఈ మనిషికి వారం రోజులూ వచ్చింది. ఎస్తేరు చేతులు విడిపించుకోలేక అలాగే నిలబడింది. దీపం పచ్చగా ఉంది. మంచం మీద ధనరాజు దిండ్లకు ఆనుకుని భార్య వైపు చూస్తూ నవ్వుతున్నాడు, గోడవైపు తిరగలేదు.

"అన్నట్టు సిస్టర్ గారూ, మీరిచ్చే ఆ బుస్సు బిళ్ళలున్నాయా? మోకాళ్ళు నొప్పంటన్నారు. నాకిప్పుడే చెప్పారు దొంగాయన, ఇన్నాళ్ళూ దాచుకున్నారు."

"అవి... ఇప్పుడు రావడం లేదండి."

"అయ్యో, కింద సోడా కొట్లో ఉన్నాయండీ. ఇందాకే చూశాను. డబ్బాడు తెచ్చి పడేత్తాను." అంటూనే సంచీ తీసుకుని గుమ్మంవైపు నడిచింది.

"వద్దు!" ఎస్తేరు అరుపుకు ఆమె ఆగిపోయింది. "అవి కొనకండి. ఆయన ఒంట్లోకి నీరు చేర్చింది అవే. అందులో ఉన్నదంతా ఉప్పే. మీకు తెలియకుండా దిండు కింద పెట్టింది నేను. దీపం ఎర్రబడింది మిమ్మల్ని చూసి కాదు, నన్ను చూసి."

నూకరత్నం ఆమె ముఖంలోకి చూసింది. తరువాత తలెత్తి దీపం వంక చూసింది. పచ్చగా, నిదానంగా వెలుగుతోంది. ఆమె ముఖం విచ్చుకుంది.

"ఊరుకోండి సిస్టర్ గారూ. మీరు మంచోరు కాబట్టి నన్ను ఓదార్చడానికి మీ మీదేసుకుంటన్నారు. మీరెదురుగా నిలబడుంటే పచ్చగానే ఉంది కదండీ! మీ వల్లయితే దానికి తెలీదా?" నవ్వుతూ చెప్పుల్లో కాలు పెట్టింది. "రెండు నిమిషాల్లో వచ్చేత్తాను. పాపం పొద్దున్నుంచీ అడుగుతున్నారు."

ఎస్తేరు ఇంకోసారి చెప్పింది. ఒట్టేసి చెప్పింది. నూకరత్నం ఇంకా నవ్వుతూనే ఉంది. ఉత్తర్వు వేసిన రోజున ఈమె మాట నమ్మాలా వద్దా అని తను దీపం వంకే చూసింది. ఇప్పుడు ఈమె తన మాట నమ్మడానికి అదే దీపం వంక చూస్తోంది.

ఎస్తేరు గుమ్మానికి అడ్డంగా వెళ్ళింది. ఛాతీ మీది నీలం బ్యాడ్జి పిన్ను ఊడదీసింది. ఆ తొందరలో చీర కూడా కాస్త చిరిగింది. బ్యాడ్జిని మెట్లవైపు విసిరేసింది. అది ఒక్కో మెట్టూ దొర్లుకుంటూ కిందికి పోయిన చప్పుడు వినబడింది.

తరువాత ఆమె వెనక్కి తిరిగి, గడప దాటి, గది మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఇప్పుడు చూడండి."

గది ఎర్రబడింది.

నూకరత్నం దీపం వంక చూసింది, మంచం మీది మనిషి వంక చూసింది, చెప్పులు విడిచి వచ్చి ఆయనకూ ఎస్తేరుకూ మధ్య నిలబడింది. అంతవరకూ ఉన్న నవ్వు లేదు. కళ్ళు చిన్నవి చేసి, తల నుంచి కాళ్ళ దాకా, బ్యాగు దాకా, ఎస్తేరును మొదటిసారి అనుమానంగా చూసింది. ఎస్తేరు తల దించుకోలేదు. ఆ చూపు ఆమెకు ఎంతో ఊరటనిచ్చింది.